మూడో ప్రూఫ్

నా దయ్యం కథల పుస్తకం ఎప్పుడొస్తుందని మూడు వారాలుగా అడుగుతున్నారు. ఫేస్‌బుక్‌లో అడుగుతున్నారు, ఆఫీసులో అడుగుతున్నారు, కూరగాయల బండి దగ్గర ఆపి మరీ అడుగుతున్నారు. ప్రెస్‌లో ఆలస్యమవుతోందని అందరికీ చెప్పాను. అబద్ధం. ఆలస్యం చేస్తున్నది నేనే. ఎందుకో చెప్పాలంటే సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. అయినా చెప్పేస్తాను.

ముందు ఒక మాట. నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. నమ్మకుండా ఎలా రాస్తావని నాతో వాదించినవాళ్లు చాలామంది. మిఠాయి కొట్టాయనకు షుగర్ ఉన్నా లడ్డూలు చేయడం మానేస్తాడా? నేనూ అంతే. జనానికి భయం కావాలి, నాకు అది వండటం వచ్చు. శవాల గది పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా ఖాళీ చేయగలను.

మేముండేది నేరేడ్‌మెట్‌లో, మూడంతస్తుల పాత బిల్డింగులో. మాది రెండో అంతస్తు. కింద వాటాలో ఖైరున్ ఆపా ఉంటుంది. అరవై దాటాయి. భర్త పోయాక ఒక్కతే బట్టలు కుట్టుకుంటూ బతుకుతోంది. పన్నెండేళ్లుగా నా జాకెట్లన్నీ ఆవిడే కుడుతుంది. టేపు మెడలో వేసుకుని నన్నొకసారి ఎగాదిగా చూసి, "మళ్ల లావైనవ్ సునీతా" అంటుంది. కోపం వచ్చేలోగా చాయ్ ఇస్తుంది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం, చేతుల కొలత తీసుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయి, తన అక్క షహనాజ్ సంగతి చెప్పింది. వాళ్లమ్మ కుట్టుమిషన్ ఎవరికి దక్కాలన్న గొడవలో అక్కాచెల్లెళ్లకు మూడేళ్లు మాటల్లేవు. మిషన్ ఆపా దగ్గరే ఉండిపోయింది. అక్క జనగామలో ఆసుపత్రిలో పడిందని ఫోనొస్తే, రంజాన్ ఆర్డర్లు మీద పడి ఉన్నాయి, పండగ కాగానే వస్తానంది. రెండో రోజుకే ఆ అక్క పోయింది.

తర్వాత నలభై రోజులు, మధ్యాహ్నం నమాజు చేసుకుని కూర్చుంటే పక్క గదిలో మిషన్ తిరిగిన చప్పుడు వినిపించేదట. లేచి వెళ్లి చూస్తే ఏమీ ఉండేది కాదట.

"నీకొక్కదానికే చెప్తున్న" అంది కళ్లు తుడుచుకుంటూ.

నేనప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నాను. అయ్యో ఆపా అంటూనే ఉన్నాను. కానీ లోపల ఏమనుకున్నానో తెలుసా? భలే కథ దొరికింది అనుకున్నాను. ఛీ, నా బుద్ధి!

వారంలో రాసేశాను. ఊరికే మిషన్ తిరిగితే పాఠకులు భయపడరు కదా. అందుకని నా కథలో చచ్చిపోయిన అక్క పగతో తిరిగొస్తుంది. చెల్లెలి వేళ్లను సూది కింద పెట్టి కుట్టేస్తుంది. చెల్లెలికి మున్నీ అని పేరు పెట్టాను. చివర్లో ఆ అక్క మిషన్ ముందు కూర్చుని "మున్నీ, రావే" అని మూడుసార్లు పిలుస్తుంది. కథ పేరు 'ఆఖరి కుట్టు'. పుస్తకానికీ అదే పేరు పెట్టాను.

ఆపాకు తెలిస్తే ఎలా అన్న ఆలోచన రాకపోలేదు. ఆవిడకు తెలుగు చదవడం రాదులే అనుకున్నాను. ఆవిడ ఇంట్లో గోడ మీద ఉర్దూ క్యాలెండర్ ఉంది. నాకు అది చాలింది.

మొదటి ప్రూఫ్ కోసం సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరున్న టైపింగ్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడ పని చేసే రజిత నేను ఫోన్‌లో కొట్టి పంపిందాన్ని ప్రెస్ వాళ్ల పాత ఫాంటులోకి మారుస్తుంది. మార్చినప్పుడల్లా ఒత్తులు ఎగిరిపోతాయి, సున్నాలు పక్క అక్షరానికి అతుక్కుంటాయి. ఎర్రపెన్నుతో దిద్దుకోవాలి. అది మామూలే.

మామూలు కానిది ఒకటే. ఆ అక్క పిలిచే మూడు చోట్లా "మున్నీ" బదులు "చిమ్నీ" అని పడింది. "చిమ్నీ, రావే." కథలో మున్నీ అన్న పేరు ఇంకా ఇరవై చోట్ల ఉంది. అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. దిద్ది ఇచ్చాను.

రెండో ప్రూఫ్‌లో మిగతా తప్పులన్నీ పోయాయి. ఆ మూడూ పోలేదు. రజిత మీద అరిచాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

"దిద్దిన మేడం. కావాలంటే స్క్రీన్ మీద మీరే చూడుండ్రి" అంది.

చూశాను. స్క్రీన్ మీద మున్నీ అనే ఉంది. చేతిలో కాగితం మీద చిమ్నీ. ప్రింటర్ దోషమేమో అన్నాను. ప్రింటర్ పేర్లు మారుస్తుందా మేడం అని గొణిగింది. నాకు తిక్క రేగి కాగితాలు తీసుకుని వచ్చేశాను.

వచ్చి చేసిన పని చూడండి. ఆ మూడింటినీ మళ్లీ ఎర్రపెన్నుతో దిద్ది, ఎర్రటి దిద్దుబాట్లు ఉంటే అందంగా ఉంటుందని ఆ ఆఖరి పేజీ ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. "త్వరలో. నిజంగా జరిగింది, మా ఇంటి కింది వాటాలోనే" అని రాశాను. ఆగలేకపోతున్నాం అక్కా అని ఒకటే కామెంట్లు. ఆ ఊపులో బిల్డింగు వాట్సాప్ గ్రూపులో కూడా పడేశాను.

మర్నాడు ఆదివారం. పదకొండింటికి ఆపా మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పులని ఆవిడ పైకి రాదు. జాకెట్ తెచ్చిందేమో అనుకున్నాను. కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ తీసి ఆ పేజీ మొత్తం పైకి చదివింది. ఎక్కడా తడబడలేదు. ఒక్క ఒత్తు కూడా పోలేదు.

"తెలుగు చదవొచ్చా ఆపా మీకు?" అన్నాను. ఆ సమయంలో నా నోటికి వచ్చింది ఆ మాటే.

"పది దాంక జనగామల తెలుగు మీడియమే. రాదని నీకెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"మా అక్క గిట్ల చేసే మనిషి కాదు సునీతా" అంది. "కోపముండె. మాటలు బంద్ వెట్టింది. గని నా వేలికి సూది దిగితే ఏడ్చేది ఆమెనే."

కాళ్లు పట్టుకోబోయాను. కథ తీసేస్తానన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. ఫోన్‌లో ఆ పేజీని పెద్దది చేసి, ఒకచోట వేలు పెట్టింది.

"ఈ పేరు నీకెవరు చెప్పిన్రు?"

చిన్నప్పుడు కందిల్ లాంతరు తుడుస్తుంటే దాని గాజు చిమ్నీలో ఆపా చెయ్యి ఇరుక్కుందట. అక్క గంటసేపు సబ్బునీళ్లు పోస్తూ, నవ్వుతూ, ఏడుస్తూ బయటికి లాగిందట. అప్పటినుంచి ఇద్దరే ఉన్నప్పుడు చిమ్నీ అని పిలిచేదట. అమ్మానాన్నల ముందు కూడా కాదు. ఆపా భర్తకు కూడా తెలియదు.

ఫాంటు వల్ల, ప్రింటర్ వల్ల అని ఏదో చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నేను పోలే కదా చూడనీకి. అందుకే మిషన్ తిప్పింది గని నాతోని మాట్లాడలే. నీ దగ్గరికి వచ్చింది" అంది. "ఇంకేమన్నా అన్నదా?"

"మిగతాదంతా నేను అల్లిందే ఆపా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"తెలుసు. గదంత నీ రాతనే అని తెలుస్తనే ఉన్నది." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడే తియ్యకు. ఇంకొక్క ప్రూఫ్ తీయించు. ఏమన్నా అంటదేమో సూద్దాం. ఇంకో మాట, మళ్ల రాస్తే ఉన్నది ఉన్నట్టు రాయి."

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. ముందు రజితకు క్షమాపణ చెప్పాను. మూడో ప్రూఫ్ తీసింది. నేరుగా ఆఖరి పేజీ చూశాను. మున్నీ. మున్నీ. మున్నీ. కథ మొత్తంలో ఒక్క అచ్చుతప్పు లేదు.

మొదటి రెండు ప్రూఫులూ నా దగ్గరే ఉన్నాయి. వాటిలో చిమ్నీ అనే ఉంది. నేనే ఎప్పుడో ఆపా నోట ఆ పేరు విన్నానా అని తలబద్దలు కొట్టుకున్నాను. విన్నా, నా ఫోన్‌లో ఉన్న ప్రతిలో మున్నీ అనే కదా ఉంది. తప్పు ఫాంటుదైతే ఇరవై మూడు చోట్లా పడాలి, మూడు చోట్లే ఎందుకు పడింది? నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయని నేను అనడం లేదు. నాకు తెలియదు, అంతే.

రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే కింద మిషన్ చప్పుడు ఆగిపోతుంది. ఆపా గుమ్మంలోకి వచ్చి నా సంచీ వైపు చూస్తుంది. "వచ్చిందా?" అంటుంది. "ఇంకా రాలేదు ఆపా" అని మెట్లెక్కేస్తున్నాను. పద్దెనిమిది రోజులుగా ఇదే.

ఆ కథ పుస్తకంలో ఉండదు. పుస్తకం పేరూ మారుతుంది. ఎదురుచూస్తున్నవాళ్లు నన్ను క్షమించాలి. ఇది మాత్రం ఆపా చెప్పినట్టు ఉన్నది ఉన్నట్టు రాశాను. ముఖాముఖి చెప్పే ధైర్యం లేదు. ఆవిడ చదువుతుందని ఇప్పుడు నాకు తెలుసు.

ఆపా, ప్రూఫ్ ఎప్పుడో వచ్చింది. అందులో నేను రాసింది తప్ప ఏమీ లేదు.