ఎంటర్ కొట్టినా కొత్త అంకె రాని ఎడిటర్

ఏలూరులో మంగతాయారుగారి చేతి వేగం గురించి చెప్పుకునే కబుర్లలో సగం కోసేసి చెప్పినా వినేవాళ్ళు నమ్మరు. పవర్‌పేటలో ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన రోజుల్లో, ఆవిడ మిషను మొదలెడితే చాలు, స్టేషన్లో ప్యాసింజరు కదిలిపోతోందనుకుని జనం ఇడ్లీ పొట్లాలు బల్లల మీదే వదిలేసి పరిగెత్తేవారట. ఇందులో అబద్ధం ఏమైనా ఉంటే అది ఇడ్లీల దగ్గరే. పరుగు మాత్రం నిజం.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడ ఆర్.ఆర్.పేటలో ఒక మేడ మీద, జనార్దనరావుగారి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నారు. లారీ కాటా ఎక్కగానే బరువు కంప్యూటర్లోకి వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. కాటా దగ్గర గుమాస్తాకి ఏదైనా తెలియకపోతే ఎఫ్‌వన్ నొక్కితే ఏం చెయ్యాలో చెప్పే పేజీ తెరుచుకుంటుంది. ఆ హెల్ప్ పేజీలన్నీ తాయారుగారు రాసినవే. ముందు కాగితం మీద రాసుకుంటారు, తర్వాత టైపు చేస్తారు.

ఆ పేజీలు హెచ్‌టీఎంఎల్‌లో ఉండాలి, అంటే బ్రౌజరుకి అర్థమయ్యే కోడ్‌లో. కాబట్టి అది రాయడానికో ఎడిటర్ కావాలి. పెద్దావిడ కదా, కోడ్ చూస్తే కళ్ళు తిరుగుతాయని జనార్దనరావుగారు తనే ఎంచి ఒక ఖరీదైన ఎడిటర్ తెప్పించారు. అందులో కోడ్ కనబడదు. ఉత్తరం కొట్టినట్టు కొట్టుకుంటూ పోవడమే. ఒక బటన్ నొక్కితే స్టెప్పులకి అంకెలు కూడా అదే వేసుకుంటుంది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. టైపు మిషను మీద వరస చివరికి వచ్చేసరికి గంట మోగుతుంది. మోగగానే ఎడమచేత్తో లివర్ తోసి కొత్త వరసకి వెళ్ళాలి. కంప్యూటర్లో గంట లేదు. కానీ ముప్పై ఏళ్ళు విన్న గంట తాయారుగారి తలలో ఇంకా మోగుతూనే ఉంది. అరవై అయిదో అక్షరం దగ్గర అది మోగడం, కుడిచేతి చిటికెన వేలు ఎంటర్ మీద పడడం ఒకేసారి జరుగుతాయి. చూపు మాత్రం పక్కనున్న కాగితం మీదే ఉంటుంది. తెర చూస్తూ టైపు కొట్టడం ఆవిడ శాస్త్రంలో నేరం.

ఖరీదైన ఎడిటర్లో ఎంటర్ పడిన ప్రతిచోటా కొత్త అంకె లేచింది. అయిదు స్టెప్పులు పదకొండయ్యాయి. అంతా అయ్యాక తెర చూసినా ఆవిడకి అనుమానం రాలేదు. ఎదుటి కుర్చీలో ప్రోగ్రామర్ ప్రదీప్ తెర మీద కూడా ఎడమ పక్కన ప్రతి వరసకీ అంకె ఉంటుంది. వరసలు లెక్కపెట్టుకోవడం కంప్యూటర్ల అలవాటు కాబోలనుకున్నారు. ప్రదీప్ ఒకసారి చదివి ఉంటే తెలిసేది. చదవలేదు. బీటెక్‌లో చదివినవాటినే చదవనివాడు, చదవమని చెప్పనిది చదువుతాడా?

ఆ పేజీలు తాడేపల్లిగూడెంలో కనకరత్నంగారి కాటాకి వెళ్ళాయి. ఉల్లిపాయల లారీలు తూచే కాటా అది. మూడోనాడు ఆయన దగ్గర్నుంచి ఫోను.

"రోజంతా తూచిన నలభై బండ్లలో ఒక్కటీ కంప్యూటర్లో లేదండీ. సోమవారానికి బాగవకపోతే మీ సామాను మీరు పట్టుకెళ్ళిపోండి."

జనార్దనరావుగారు ఫోను పెట్టేసి, మెత్తగా గొంతు సవరించుకున్నారు. "తాయారుగారూ, మీరేం అనుకోకండి. హెల్ప్ పని విజయవాడలో ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నానండి. మీరు రిసెప్షన్లో కూర్చుందురుగాని."

"ఫోన్లెత్తడానికాండీ?"

"హాయిగా ఉంటుంది కదండీ, ఈ వయసులో."

హాయి అన్న మాట ఆవిడకి అంత చేదుగా ఎప్పుడూ తగల్లేదు. "సోమవారం దాకా ఆగండి," అన్నారు.

మర్నాడు పొద్దున్నే ప్యాసింజరెక్కారు. గూడెం వచ్చిందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఉల్లిపాయల వాసన టికెట్టు లేకుండా పెట్టెలోకి ఎక్కుతుంది. కాటా గదిలో షాయిస్తా అనే అమ్మాయి కూర్చుని ఉంది. బరువులు రాసుకునే గుమాస్తా ఆ అమ్మాయే.

"సేవ్ ఎందుకు నొక్కలేదమ్మా?"

"మీరే వద్దన్నారు కదండీ!" షాయిస్తా ఎఫ్‌వన్ నొక్కి చూపించింది. "అయిదోది చూడండి, 'బండి పూర్తిగా ఎక్కాక, అంకెలు కదలడం ఆగేదాకా'. ఆగాను. ఆరోది, 'సేవ్ నొక్కవద్దు'. నొక్కలేదు. ఏడోది, 'ప్రింట్ తీసి చీటీ డ్రైవరుకివ్వండి'. ఇచ్చాను. ఒక్కటి తప్పానేమో చెప్పండి."

తప్పలేదు. ఆ పిల్ల అంత శ్రద్ధగా చదివింది కాబట్టే నలభై బండ్లూ గాల్లో కలిశాయి. తన వేలు ఎంటర్ మీద పడిన చోటల్లా తెర మీద అంకె నిలబడి ఉండడం తాయారుగారు అప్పుడు చూశారు.

మధ్యాహ్నానికి ఏలూరు వచ్చి ప్రదీప్ కుర్చీ పక్కన నిలబడ్డారు. "బాబూ, ఎంటర్ కొట్టినా కొత్త అంకె రాని ఎడిటర్ ఏదైనా ఉందా?"

"ఎంటర్ కొట్టడం మానేస్తే పోతుంది కదండీ!"

మానేద్దామని కూర్చున్నారు. ఇరవై వరసలకి పందొమ్మిది ఎంటర్లు పడ్డాయి. ఇరవయ్యోది పడేలోపు కరెంటు పోయింది.

"పోనీ వర్డ్‌లో కొట్టి మార్చుకుందామాండీ?"

"అందులో ఎంటర్ కొడితే?"

"అంకె వస్తుందండి," అన్నాడు ప్రదీప్, తల గోక్కుంటూ.

అప్పుడు తాయారుగారి చూపు అతని తెర మీద పడింది. "నువ్వు మాత్రం వాక్యం మధ్యలో ఎంటర్ కొట్టావే? అక్కడా, ఇదిగో ఇక్కడా!"

"అది కోడ్ కదండీ. ఇందులో ఎన్ని ఎంటర్లు కొట్టినా బ్రౌజరు పట్టించుకోదు. ఎల్ఐ అని ట్యాగు, అంటే ఓ గుర్తు, రాస్తేనే కొత్త అంకె."

"రాయకపోతే?"

"ఎంత పొడుగున్నా ఒకటే స్టెప్పు."

"మరి ఆ పక్కన వరస అంకెలో?"

"అవి మనకండి. చదివేవాళ్ళకి కనబడవు."

తాయారుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ ట్యాగులేవో రాసివ్వు."

ప్రదీప్ కాగితం మీద పన్నెండు ట్యాగులు రాశాడు. ఏది మొదలుపెట్టేది, ఏది ముగించేది, అంతే. నాలుగువేల మందికి కీబోర్డు నేర్పిన మనిషికి పన్నెండు ట్యాగులు ఒక లెక్కా! సాయంత్రం కాఫీ వచ్చేసరికి వేళ్ళకి పట్టేశాయి. ఆవిడ వేగానికి ప్రదీప్ కాఫీ గ్లాసులో అలలు లేచాయంటారు. గ్లాసు కదిలిన మాట నిజమే.

జనార్దనరావుగారు వచ్చి చూసి ఉలిక్కిపడ్డారు. "కోడ్ ఎడిటరా! తాయారుగారికా! ఇది ఊరికే వచ్చేది కదండీ, అంత డబ్బు పోసి మీకోసం తేలికది కొన్నానే!"

"అది చూసి కొట్టేవాళ్ళకి తేలికండీ. నేను చూడకుండా కొడతాను."

ఆదివారం సాయంత్రానికి పేజీలన్నీ కొత్తగా కొట్టేశారు. మాట ఒక్కటీ మార్చలేదు. వేలు ఎక్కడ పడాలో అక్కడే పడింది.

సోమవారం పొద్దున్న ఫోను స్పీకర్లో పెట్టారు. అవతల షాయిస్తా, ఆ వెనక లారీ ఇంజను గురగుర.

"అయిదే ఉన్నాయండీ ఇప్పుడు! మూడోది, 'బండి పూర్తిగా ఎక్కాక, అంకెలు కదలడం ఆగేదాకా సేవ్ నొక్కవద్దు'. ఓహో, అలాగాండీ!" గురగుర కాటా మీదకొచ్చి ఆగింది. "ఆగాయండీ. నొక్కాను. బండి నంబరు, బరువు, అన్నీ వచ్చేశాయి. కనకరత్నంగారు చూస్తున్నారండీ."

కనకరత్నంగారి గొంతు దూరంనుంచి వినబడింది. "సరే, రెండో బండి ఎక్కించు."

జనార్దనరావుగారు ఫోను పెట్టేసి, విజయవాడ మాట ఎత్తలేదు. "మరి ఆ ఖరీదైన ఎడిటర్ ఏం చేద్దామండీ?" అన్నారు.

"మీరు ఉత్తరాలు రాసుకోండి," అని తాయారుగారు కాగితం మీదకి చూపు తిప్పుకున్నారు. "ఎంటర్ మాత్రం చూసి కొట్టండి."