చాలు అన్న మాట

పన్నెండేళ్ళుగా ఒక మాట నా మీద బరువుగా ఉంది. రెండక్షరాల మాట. అది నాది కాదు, ఇంకొకరిది. నమ్మి నా చేతికిస్తే, నేను దాన్ని తిరగేసి అప్పజెప్పాను. పొరపాటున కాదు, తెలిసే చేశాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీతో చెప్పడం కుదురుతోంది. వంకలు పెట్టను. వంకలు పెట్టడం నాకు బాగా వచ్చు, ఇన్నేళ్ళూ చేసింది ఆ పనే.

మాది పొల్లాచ్చి నుంచి ఉడుమలైపేటకు వెళ్ళే దారిలో ఒక ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇంట్లో తెలుగులోనూ నాలుగు మాటలకొకటి తమిళమే. నేను చదివింది ఇంగ్లీషు చదువు. తెలుగు రాయడం పెద్దయ్యాక, పట్టుదల మీద నేర్చుకున్నాను. మా అమ్మ తమ్ముడికి, అంటే మా మామకు, కొబ్బరి పీచు మిల్లు ఉంది. నా చిన్నప్పుడు పీచు తీశాక మిగిలిన పొట్టును రోడ్డు పక్కన కుప్ప పోసేవాళ్ళు. ఎవరైనా ఎత్తుకుపోతే అదే పదివేలు. తరవాత ఎక్కడో చలిదేశాల్లో పూలమొక్కలకు మట్టికంటే మా పొట్టే మేలని తేలింది. ఇక దాన్ని జల్లించి, ఎండబెట్టి, దిమ్మెలుగా నొక్కి తూత్తుకుడి రేవుకు పంపడం మొదలైంది. నేను చదువు ముగించుకుని మిల్లు ఆఫీసులో కూర్చున్నాను. ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నావే.

జల్లెడ పని ఊరి బయట కాలనీలో ఉండే ఆడవాళ్ళది. వాళ్ళ ఇళ్ళలోనూ తెలుగే. ఈ సంగతి మా ఇళ్ళలో ఎవరూ పైకి అనరు. ఎన్నో తరాల కిందట ఈ భాషను మోసుకుని వచ్చామని గొప్పగా చెప్పుకుంటాం, అదే భాషను వాళ్ళూ మోసుకొచ్చారని మాత్రం చెప్పుకోం. వాళ్ళలో చాలామంది చర్చికి వెళ్ళేవాళ్ళు. తోటల్లో కూలిపని తగ్గిపోయింది, మిల్లు తప్ప దిక్కు లేదు. గాలికి పొట్టు ఎగిరిపోతుందని జల్లెడ షెడ్డును నాలుగు వైపులా మూసేశాం. లోపల పక్క మనిషి కనపడనంత దుమ్ము. మూతికి అడ్డం కట్టుకోవడానికి చీర కొంగే.

చర్చి పక్కన మఠంలో ఒక సిస్టర్ ఉండేవారు. కేరళ నుంచి వచ్చిన ఆవిడ. దగ్గుతో వచ్చినవాళ్ళకు మందు ఇచ్చేవారు, కానీ మందిచ్చి ఊరుకునే మనిషి కాదు. దగ్గులన్నీ ఒకే షెడ్డు నుంచి వస్తున్నాయని కనిపెట్టారు. మా సరుకు కొనే దేశంలో తమ చర్చి వాళ్ళకు ఉత్తరం రాశారు, మీ పూలతొట్ల కోసం ఇక్కడ ఆడవాళ్ళు దగ్గుతున్నారని. ఆ చర్చి వాళ్ళు మా కొనుగోలుదారులను నిలదీశారు. దుమ్ము పీల్చే యంత్రం పెడితేనే సరుకు కొనాలన్నారు. ముందుగా పనివాళ్ళ నోట వినాలని ఒక పెద్దాయనను పంపారు.

ఆయన పట్నంలోని గాంధీపురం నుంచి ఇంగ్లీషూ తమిళమూ తెలిసినతన్ని వెంటబెట్టుకుని కారులో వచ్చాడు. గోదాము అరుగు మీద కుర్చీలు వేశాం. సిస్టర్ కూడా వచ్చారు, ఆవిడకు తమిళం వచ్చు కానీ తెలుగు రాదు. ఆరోగ్యమ్మను పిలిచారు. జల్లెడ దగ్గర అందరికంటే ఎక్కువ కాలంగా పనిచేస్తున్నది ఆమే. మా మేస్త్రీ నాలుగడుగుల దూరంలో, పనేదో ఉన్నట్టు తాడు చుడుతూ నిలబడ్డాడు. అతను తమిళుడు. ఆరోగ్యమ్మ అతన్ని చూసింది. తరవాత నావైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టింది. మేస్త్రీకి చిక్కకుండా, ఒక్క తమిళ మాట కూడా దొర్లకుండా, ఏరి ఏరి మాట్లాడింది. అంత శుద్ధమైన తెలుగు మా ఇంట్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

“పొద్దన్నించి మాపటిదాకా ఆ దుమ్ములోనే ఉండాము అమ్మిణీ. పండుకుంటే ఊపిరాడదు. నా బిడ్డను గూడా దాన్లోకే దింపమంటా ఉండారు. చాలు. ఇంక చాలని చెప్పు ఆ దొరతో.”

అందరూ నా ముఖం వైపు చూశారు. ఆ అరుగు మీద రెండు భాషలకూ నడుమ ఉన్నది నేనొక్కదాన్నే. “షి సేస్ ఇట్ ఈజ్ ఎనఫ్” అన్నాను. ఆ పైన నేనే కలిపాను: చేతినిండా పని ఉందనీ, బిడ్డకు కూడా ఇక్కడే పని దొరకబోతోందనీ, సంతోషంగా ఉన్నామంటోందనీ. పెద్దాయన నవ్వాడు. లేచి ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు.

మొదటి మాట వరకూ తప్పు పట్టలేరు. చాలు అంటే ఎనఫ్. ధర్మరాజు కనీసం కుంజరః అని గొణిగాడు. నేను గొణగకపోగా ఇంకో నాలుగు మాటలు అతికించాను. కంచే చేను మేసిందంటారే, అది నేనే.

ఎందుకు చేశాను? మామ చెప్పమన్నాడా? లేదు. ఆయన ఆ పూట మిల్లులోనే లేడు. ఆర్డరు పోతుందన్న భయమా? అదీ ఉంది, ఆఫీసు రేపు నాకే వస్తుందన్న ఆశ కూడా ఉంది. కానీ చాలా ఏళ్ళు తవ్వుకున్నాక అడుగున దొరికింది ఇంకొకటి, దాన్ని చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఆరోగ్యమ్మ నావైపు తిరిగినప్పుడు, మనిద్దరిదీ ఒకే భాష కదా అన్నట్టు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. నన్ను తనతో కలిపేసుకోవడం నచ్చలేదు. అంతే. ఒక మనిషి ఊపిరి కంటే నాకు ఆ క్షణంలో అదే పెద్దదైంది.

కారు వెళ్ళిపోయాక ఆమె ఆగి అడిగింది, అంతా చెప్పినావా అమ్మిణీ అని. చెప్పినా అన్నాను. తల ఊపి షెడ్డులోకి వెళ్ళిపోయింది.

యంత్రం రాలేదు. పనివాళ్ళు తృప్తిగా ఉన్నారనుకున్న ఆ చర్చి వాళ్ళు కాలనీకి కుట్టుమిషన్లు పంపారు, ఇంకా దుప్పట్లు. మా ఎండలకు ఉన్ని దుప్పట్లు. వాళ్ళను ఎగతాళి చేసే అర్హత నాకు లేదు, మంచి మనసుతోనే పంపారు. నా నోట విన్నదాన్ని బట్టి పంపారు. ఉన్నదానికి లేనిది కలిపి రాసిందని సిస్టర్‌కు చెడ్డపేరు వచ్చి, వేరే ఊరికి మార్చేశారు. వెళ్ళేముందు ఆఫీసుకు వచ్చి, నీకోసం ప్రార్థన చేస్తానన్నారు. నేను థాంక్స్ చెప్పాను. యంత్రం ఆరేళ్ళ తరవాత వచ్చింది, వేరే కొనుగోలుదారు అడిగితే. మామ రిబ్బను కత్తిరించాడు, నేను లడ్లు పంచాను. ఆ ఆరేళ్ళూ ఆరోగ్యమ్మ జల్లెడ దగ్గరే ఉంది. రెండో ఏట ఆమె కూతురు కూడా వచ్చి పక్కన నిలబడింది.

వాళ్ళ చర్చిలో పాపం చెప్పుకోవడానికి ఒక చోటు ఉంటుంది. మా గుళ్ళో హుండీ ఉంది. నేను అందులో బాగానే వేశాను. పనిచేయలేదు.

పోయిన నెల ఒక పొద్దున కాలనీకి వెళ్ళాను. ఆరోగ్యమ్మ గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఇప్పుడు నిద్ర కూడా అలాగే. కూతురు లోపల దగ్గుతోంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఏం విన్నాను, ఏం చెప్పాను, ఏం కలిపాను.

“తెలుసు,” అంది. “ఆ దొర నవ్వినాడు గదా. నేను చెప్పింది వింటే ఎవురన్నా నవ్వుతారా? అందుకే నిన్ను అడిగినా, చెప్పినావా అని.”

అంటే ఆ రోజు నాకు ఇంకొక అవకాశం ఇచ్చింది. కారు అప్పటికి మెయిన్ రోడ్డు కూడా ఎక్కి ఉండదు. సిస్టర్‌కు కూడా చెప్పిందట. సిస్టర్ నమ్మి మళ్ళీ రాశారట. కానీ అప్పటికే నా ఇంగ్లీషు వాళ్ళ కాగితాల్లో చేరిపోయింది. ఆ ప్రార్థన దేనికోసమో నాకు పన్నెండేళ్ళకు అర్థమైంది.

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వచ్చేది, అదొక అన్యాయం. క్షమించానని ఆమె అనలేదు, నేను అడగలేదు. కాసేపు ఊపిరి కూడదీసుకుని అంది:

“నాకేమిటికి చెప్తా ఉండావు? నాకు తెలుసు గదా. తెలీనోళ్ళకు చెప్పు.”

ఆ పెద్దాయనను పంపిన చర్చికి రాశాను. ఆమె తెలుగును ఆమె అన్నట్టే రాసి, కింద సరైన ఇంగ్లీషు పెట్టాను. నకలు మామ బల్ల మీద ఉంచాను. ఆయన చదివాడు, ఇంకా నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా నేను తట్టుకోగలను. ఆ తల్లీకూతుళ్ళ వైద్యం నేనే చూస్తున్నాను, దాన్ని ఈ తప్పుకు చెల్లుగా మాత్రం రాసుకోను.

ఇక మిగిలింది మీరు. మీకు తెలియదు కనుక మీకూ చెప్పాను.