ఆదాము మాస్టారి పెరట్లో విమానం

ఆదాము మాస్టారు జీవితంలో ఏ పనీ మొదటిసారి చెయ్యలేదు. ఏది చేసినా రెండోసారే. మొదటిసారి రిహార్సల్.

ఎచ్చెర్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ముప్పై నాలుగేళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన మనిషి. ఆగస్టు పదిహేనుకి పిల్లల చేత నెలరోజులు కవాతు చేయించీ చేయించీ ఆ అలవాటు ఆయన ఒంటికే పట్టేసింది. బొబ్బిలిలో చుట్టాల పెళ్లి ఉంటే ముందురోజే బస్సెక్కి వెళ్లి, పందిరి ఎటు తిరిగి ఉందో, చెప్పులెక్కడ విడవాలో, ఏ వరుసలో కూర్చుంటే పెరుగు దాకా సరిగ్గా అందుతుందో చూసుకుని తిరిగొచ్చి, మర్నాడు కుటుంబంతో మళ్లీ వెళ్లేవారు. పన్ను పీకించుకోవడానికి ముందురోజు డాక్టరుగారి కుర్చీలో పావుగంట నోరు తెరుచుకుని కూర్చుని, "బాగున్నాది, రేపొస్తాను" అని లేచి వచ్చేశారు. రిటైరయ్యే ముందురోజు స్టాఫ్ రూములో వీడ్కోలు ప్రసంగం రిహార్సల్ చేస్తే టీచర్లందరూ కళ్లు తుడుచుకున్నారు. అసలు సభలో ఒక్కరి కంట్లోనూ తడి లేదు. ఏడవాల్సింది నిన్ననే ఏడ్చేశారు.

పెళ్లి సంగతి ఆయన భార్య స్వర్ణగారే చెబుతారు. ముందురోజు సాయంత్రం చర్చిలో ప్రమాణాలు ఏడుసార్లు చెప్పించారట. ఏడోసారికి పాస్టరుగారు విసిగిపోయి, "ఆదామూ, దేవుడు ఇనీసినాడు. రేపు నువ్వు రాకపోయినా పెళ్లి అయిపోయినట్టే" అన్నారట. అప్పటినుంచి ఆ ఇంట్లో పెళ్లిరోజు రెండు రోజులు చేసుకుంటారు.

అలాంటి మనిషి ఒకనాడు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర హేమ నడుపుతున్న ట్రావెల్స్ ఆఫీసులోకి వచ్చారు. హేమది కళింగపట్నం వైపు చేపల వేటకెళ్లే కుటుంబం. తండ్రి సముద్రం మీదికి పడవ తోలితే, కూతురు జనాన్ని సముద్రం దాటిస్తోంది. కాశీ యాత్రలు, షిర్డీ బస్సులు, గల్ఫుకెళ్లే కుర్రాళ్ల టిక్కెట్లు, ఇదీ ఆమె వ్యాపారం. ఆయనెవరో ఆమెకు తెలియదు. మెడలో వేలాడే విజిలు చూసి మాస్టారే అయ్యుంటారనుకుంది.

ఆయన ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నారు. లేచి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ ఫ్యాను కిందికొచ్చారు. మంచినీళ్లడిగి తాగారు. గోడమీద బొమ్మలన్నీ చూసి లేచి నిలబడ్డారు.

"ఏ ఊరికి టిక్కెట్టు మాస్టారూ?" అంది హేమ.

"ఇయ్యాల ఊరికే వచ్చినానమ్మా. పనిమీద రేపొస్తాను."

మర్నాడు సరిగ్గా అదే వేళకి వచ్చి, తిన్నగా ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, "మలేషియా. తొమ్మిది మందిమి. నాలుగు తరాలు" అన్నారు.

విషయమేమిటంటే, మాస్టారి తాత దాలయ్య వెనకటి రోజుల్లో కూలికోసం ఓడెక్కి మలయా వెళ్లాడు. అక్కడ సముద్రం ఒడ్డున ఒక కొబ్బరి తోటలో పని. భార్య సారమ్మ అక్కడే పోయింది, అక్కడే పూడ్చారు. యుద్ధం అయిపోయిన మరుసటేడు దాలయ్య కొడుకునీ, ఏడేళ్ల కూతురు వెంకటలక్ష్మినీ తీసుకుని తిరిగొచ్చేశాడు. ఆ కొడుకు మాస్టారి తండ్రి. ఆ కూతురు మాస్టారి మేనత్త. ఆమెకిప్పుడు ఎనభై అయిదు దాటాయి.

"అత్త పుట్టిన ఊరు సూపించాలమ్మా. నాన్నమ్మ సమాధి ఉన్నాదో లేదో తెలీదు. ఉంటే అదీ సూపించాలి" అన్నారు మాస్టారు.

హేమ రెండు వారాలు మలేషియాకి ఫోన్లు చేస్తూనే ఉంది. చివరికి అక్కడ ఒక తెలుగు పాస్టరు దొరికాడు. కొబ్బరి తోట పోయి పామాయిల్ తోట వచ్చింది కానీ, చిన్న ప్రార్థన మందిరం అలాగే ఉందట. దాని వెనక పదకొండు సమాధులు. ఒకదాని మీద తెలుగులో సారమ్మ అని ఉందని ఆయన ఫోటో తీసి పంపాడు.

ఫోటో చూపించి ఈ మాట చెబితే మాస్టారు లేచి నిలబడ్డారు. కూర్చున్నారు. "ఇంకొక్కసారి సెప్పు తల్లీ. ఇందాకటిది రిహార్సల్ అనుకుంటాను" అన్నారు.

అంతా కుదిరింది, ఒక్కటి తప్ప. ఎవరికోసమైతే ఈ ప్రయాణమో ఆ వెంకటలక్ష్మమ్మ రానంది.

"గేదెనెవులు సూస్తారు?" అంది మొదటిరోజు. గేదెని అమ్మేసి నాలుగేళ్లయింది. అది గుర్తుచేస్తే, "అక్కడ తిండి పడదు" అంది. అక్కడ మనకన్నా ఎక్కువ అన్నమే తింటారంటే, మోకాళ్లన్నది. మోకాళ్లకి చక్రాల కుర్చీ ఉందంటే, "అమ్మ కల్లోకి వస్తాది. నాకు అది సాలు. మీరెల్లండి" అని గోడవైపు తిరిగి పడుకుంది.

హేమ నెమ్మదిగా, "ఎనిమిది టిక్కెట్లే చూడనా మాస్టారూ?" అంది.

"తొమ్మిదే సూడమ్మా. ముందు రిహార్సల్ అవ్వనీ. ఆదివారం ఆరాధన అయినాక మా ఇంటికి రా. నువ్వే మలేషియా ఆఫీసరువి."

చేపల పులుసు పెడతారేమో అనుకుని వెళ్లింది హేమ. పెరట్లో విమానం ఉంది. మూడేసి చొప్పున మూడు వరుసల కుర్చీలు, మధ్యలో దారి, ప్రతి కుర్చీకీ బెల్టుగా ఒక తువ్వాలు. పెరటి గుమ్మం తనిఖీ చేసే యంత్రం. కరెంటాఫీసులో ఏఈగా చేస్తున్న కొడుకు పాల్ ఆ గుమ్మం పక్కన నిలబడి, ఎవరైనా జేబులో తాళాలతో వస్తే "కుయ్" అనాలి. పాల్‌కి నలభై ఆరేళ్లు. అతని ముఖం చూస్తే హేమకి జాలేసింది.

"గట్టిగా అనరా. ఎయిర్‌పోర్టులో యంత్రం సిగ్గుపడతాదేటి?" అన్నారు మాస్టారు.

"కుయ్" అన్నాడు పాల్. పక్కింటి గోడమీద రెండు తలకాయలు లేచాయి. ఇంతలో ఎవరిదో మేక గుమ్మంలోంచి లోపలికొచ్చింది. దానికీ "కుయ్" అన్నాడు, ఇంకెలాగూ పరువు పోయిందని.

హేమ ముందు బల్ల, బల్లమీద టిఫిను డబ్బా మూత. అదే వేలిముద్రల యంత్రం. "రెండు చూపుడు వేళ్లూ దీనిమీద పెట్టాలి. పెట్టి, ఎదురుగా కెమెరా కేసి చూడాలి. అంతే" అని వరుసలో ఉన్నవాళ్లకి చెప్పింది.

మొదట మాస్టారు వచ్చారు. రెండు బొటనవేళ్లూ పెట్టారు.

"చూపుడు వేళ్లు మాస్టారూ."

ఆయన చూపుడువేళ్లు ఎత్తి హేమకి చూపించారు.

"చూపించడం కాదు, దానిమీద పెట్టండి."

అరిచేతులు రెండూ పెట్టారు. కెమెరా కేసి చూడమంటే కళ్లు మూసుకున్నారు. ఎందుకంటే ప్రార్థన అనుకున్నానన్నారు. బెల్టు తియ్యమంటే తీసి ట్రేలో వేసి, మర్చిపోయి ట్రే అక్కడే వదిలేసి విమానం ఎక్కేశారు. ప్యాంటు ఒక చేత్తో, పాస్‌పోర్టు ఒక చేత్తో పట్టుకుని, సీటు బెల్టు ఏ చేత్తో కట్టుకోవాలని స్వర్ణగారిని అడిగారు.

వెంకటలక్ష్మమ్మ అరుగుమీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తూ ఇదంతా చూస్తోంది. తను రానంది కాబట్టి ఆమెనెవరూ పిలవలేదు. తొమ్మిదో కుర్చీ ఖాళీగానే ఉంది.

"ఒరే ఆదామూ, సూపుడేలు అంతంది కదరా ఆ ఆపీసరు గుంట" అంది అక్కణ్ణుంచే.

"ఏ ఏలు అత్తా?"

"నీ నోట్లో ఏలు. సరిగ్గా ఇను."

రెండో ఆదివారమూ అంతే. మిగతా ఏడుగురికీ వచ్చేసింది. మనవలిద్దరూ కళ్లు మూసుకుని చేసేస్తున్నారు. మాస్టారికి మాత్రం రాలేదు. విదేశీయుల వరుసలో నిలబడమంటే ఆ దేశం వాళ్ల వరుసలో నిలబడ్డారు. ఎందుకొచ్చారని హేమ ఆఫీసరు గొంతుతో అడిగితే, "నువ్వే కదమ్మా రమ్మన్నావు" అన్నారు. హేమకి నిజంగానే బెంగ పట్టుకుంది. ముప్పై నాలుగేళ్లు వందలమంది పిల్లలకి ఎడమకాలేదో కుడికాలేదో నేర్పిన మనిషికి ఇంత చిన్న విషయం బుర్రకెక్కదేమిటని స్వర్ణగారిని చాటుగా అడిగింది.

"వయసమ్మా" అని స్వర్ణగారు పకోడీల పళ్లెం చేతికిచ్చారు.

మూడో ఆదివారం మాస్టారు నాలుగోసారి బొటనవేళ్లు పెట్టేసరికి, వెంకటలక్ష్మమ్మ చింతపండు పళ్లెం పక్కకి తోసి లేచింది. కొంగు బిగించి, మోకాళ్ల మాట మరిచిపోయి, గబగబా నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. పాల్ "కుయ్" అన్నాడు.

"నడుముకి తాళాలున్నాయి. తీసినాను. ఇప్పుడు నోరుముయ్" అని మనవడికి చెప్పి బల్ల దగ్గరికొచ్చింది. "లెగు ఆదామూ. పక్కకి రా. సూడు. ఇయి సూపుడేళ్లు. ఇలాగెట్టాల. ఆ పిల్లెనకాల కెమేరాకేసి సూడాల. అయిపోనాది. ఎల్లిపో." తిన్నగా వెళ్లి తొమ్మిదో కుర్చీలో కూర్చుని తువ్వాలు బిగించి ముడేసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"ఏటలా సూస్తారు? ఈడిని నమ్ముకుని గుంటల్ని పంపితే ఒక్కులూ తిరిగి రారు. నాను వస్తాను" అంది.

మాస్టారు విజిలు వేశారు. పెరట్లో విమానం లేచింది.

ఆ తర్వాత పనులు వరసగా జరిగిపోయాయి. ఆమె పాస్‌పోర్టు వచ్చింది. తోడుగా హేమ కూడా రావలసిందేనని, మలేషియా ఆఫీసరే లేకపోతే ఎలాగని మాస్టారు పట్టుబట్టారు. పదిమందీ విశాఖపట్నంలో విమానమెక్కారు. వెంకటలక్ష్మమ్మ తన బెల్టు తను పెట్టుకుని, పక్కసీటులో ఎవరో అనూరాధ అనే ఆవిడ తడుముకుంటుంటే ఆవిడ బెల్టు కూడా పెట్టింది.

కౌలాలంపూర్‌లో దిగాక పొడుగాటి వరుస. ముందు వెంకటలక్ష్మమ్మ, వెనక మాస్టారు, ఆ వెనక హేమ. అద్దాల గదిలో ఉన్న ఆఫీసరమ్మ ఇంకా ఏమీ అనకముందే వెంకటలక్ష్మమ్మ పాస్‌పోర్టు తోసి, రెండు చూపుడువేళ్లూ యంత్రం మీద పెట్టి, కెమెరా కేసి చూసింది. ఆఫీసరమ్మ నవ్వి ముద్ర కొట్టింది. ముసలావిడ అటువైపుకి వెళ్లి నిలబడి వెనక్కి తిరిగి, "సూపుడేలు రా" అని కేకేసింది.

"అలాగే అత్తా" అన్నారు మాస్టారు. పాస్‌పోర్టు సరిగ్గా ఫోటో ఉన్న పేజీ తెరిచి ఇచ్చారు. వేళ్లు పెట్టారు, కెమెరా చూశారు. ఎన్నాళ్లు ఉంటారని అడిగితే చక్కటి ఇంగ్లీషులో ఆరు రోజులని, ఏ హోటలో కూడా చెప్పారు. అంతా కలిపి అర నిమిషం పట్టలేదు.

హేమ తన వంతు ముగించుకుని పరుగులాంటి నడకతో ఆయన్ని అందుకుంది. "మాస్టారూ, నాకు తెలిసేలా చెప్పండి. మూడు ఆదివారాలు ఒక్కసారైనా సరిగ్గా చెయ్యలేదు మీరు."

మాస్టారు ముందు నడుస్తున్న అత్తకి వినపడకుండా గొంతు తగ్గించారు.

"బడికెల్లాల్సిన వయసులో మా అత్త నౌపడ ఉప్పుమళ్లలో పనికెల్లినాదమ్మా. ఆ కూలితోనే నాను సదువుకున్నాను. ఆవిడకి సంతకం రాదు. నిరుడు ఒక ఆసుపత్రిలో కౌంటరు కాడ ఎవులో నవ్వినారు, ఇన్నేళ్లొచ్చినాయి సంతకం రాదేటని. అప్పట్నుంచి కొత్త సోటికి రమ్మంటే గేదె అంతాది, మోకాలంతాది. కూసోబెట్టి నేర్పితే తనకే రాదని నేర్పుతున్నామనుకుంటాది. నాకు రాదంటే మాత్రం ఊరుకోదు. సిన్నప్పట్నుంచీ నాకు నేర్పిందే ఆవిడ."

"స్వర్ణమ్మగారికి తెలుసా?"

"ఆవిడకి తెలీకుండా నాను బొటనేలు కూడా ఎత్తలేనమ్మా."

మర్నాడు వ్యానులో మూడు గంటల ప్రయాణం. పామాయిల్ తోటల మధ్య ఎర్రటి మట్టిదారి, చివర రేకుల కప్పు మందిరం. పాస్టరు వెనక్కి తీసుకెళ్లాడు. గడ్డి కోయించి ఉంచాడు. రాయి చిన్నది, ఒక పక్కకి ఒరిగింది. అక్షరాలు సగం నాచు కింద ఉన్నాయి. పాల్ చేత్తో తుడిచి పేరు చదివి వినిపించాడు.

వెంకటలక్ష్మమ్మ గడ్డిలో కూర్చుంది. ఇప్పుడు ఏడుస్తుందని అందరూ భయపడుతూ నిలబడ్డారు. ఆమె రాయి మీద చెయ్యి వేసి, పొరుగావిడతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"అమ్మా, నానే, ఎంకటలచ్చిని. అప్పుడు ఓడలో ఎల్లినాం కదా, ఇప్పుడు ఇమానంలో వచ్చినాను. ఏటీ భయం నేదు. బెల్టు పెట్టుకోవాల. రెండు సూపుడేళ్లు పెట్టాల. అంతే." వెనక్కి చెయ్యి చూపించింది. "ఈడు ఆదాము. అన్న కొడుకు. మేష్టరు సేసినాడు. మంచోడే. కానీ బుర్ర నేదమ్మా. ఎన్నిసార్లు సెప్పినా ఏ ఏలు ఏదో తెలీదు. ఈళ్లందర్నీ నానే తోలుకొచ్చినాను."

హేమకి నవ్వాగలేదు. ఏదో అనబోయింది. మాస్టారు ఆమెవైపు చూసి తల అడ్డంగా ఊపారు. తర్వాత రెండడుగులు ముందుకేసి, మడమలు కలిపి నిటారుగా నిలబడ్డారు.

"నిజమే నాన్నమ్మా. అత్త నేకపోతే మేమొచ్చేవోళ్లం కాదు" అన్నారు.

"ఇన్నావా?" అంది వెంకటలక్ష్మమ్మ తల్లితో, గర్వంగా.