శాలువా కప్పి పరుగెత్తించాను

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా లోపల మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. నా దగ్గర పరుగు నేర్చుకునే పిల్లలకు తెలియదు. వాళ్లు పోటీలకు వెళ్లే ముందు నా కాళ్లకు మొక్కినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, నా మీద. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

కరీంనగర్‌లో నేను అథ్లెటిక్స్ కోచ్‌ని. అప్పుడు కాంట్రాక్టు ఉద్యోగం. ఆ ఏడు మన దేశంలో అంతర్జాతీయ క్రీడలు జరిగాయి. ఇక్కడి ఎండకు అలవాటు పడాలని కొన్ని చిన్న దేశాల జట్లను ముందుగానే పంపి, ఊరికొక జట్టును అప్పగించారు. మా ఊరికి వచ్చింది సముద్రం మధ్యలో ఉన్న ఓ ద్వీపదేశం. జట్టు మొత్తం ఒక ఆటోలో పట్టేది. అందులో పరుగు పందేనికి ఒకే ఒక అమ్మాయి. అసలు పేరు రాయను, లోసా అనుకోండి.

లోసాది నాలుగు వందల మీటర్ల పరుగు. వాళ్ల దేశంలో సరైన ట్రాక్ కూడా లేదట. ఇసుకలో పరుగెత్తి అంతదాకా వచ్చింది. పతకం మీద ఆమెకు ఆశ లేదు. తన దేశపు ఆడవాళ్ల రికార్డును దాటాలి, అంతే. ఆ ఒక్క పరుగు కోసమే దేశాలు దాటి వచ్చింది. తొడ వెనక కండరం పట్టేసిందని చూసి, పోటీ రోజుదాకా జోరుగా పరుగెత్తొద్దని చెప్పింది ఎవరు? నేనే.

మనవాళ్ల సన్మానాల పిచ్చి మీకు తెలియనిది కాదు. బయటి మనిషి ఊళ్లో అడుగు పెడితే చాలు, శాలువా కప్పకుండా వదలం. ఈ రోజు ఒక కాలేజీ, రేపు ఇంకో సంఘం. వాళ్లు సాధన చేసుకోవడానికి వచ్చారన్న ఇంగితం ఒక్కడికైనా ఉంటేనా! చల్లని పొద్దంతా వేదికల మీద, రాని ముఖ్య అతిథి కోసం ఎదురుచూస్తూ కరిగిపోయేది. చివరికి ఆదిలాబాద్ నుంచి పిలుపు. పిలిచింది పత్తి గింజ తీసే ఓ జిన్నింగ్ మిల్లు యజమాని, రాజకీయాల్లోకి రావాలని తహతహలాడుతున్నవాడు. నా ఉద్యోగం పర్మనెంట్ చేయించగల పెద్దలు ఆయనకు బాగా దగ్గర. లోసా వాళ్ల మేనేజర్‌కు ఆ రోజు కడుపు బాగాలేదు. అమ్మాయిని జాగ్రత్తగా చూసుకుంటానని ఆయనకు మాటిచ్చి తీసుకెళ్లాను.

బడి మైదానంలో సభ. నల్లరేగడి నేల, ఎండకు నెర్రెలు బారి ఉంది. దండలు, డప్పులు, తెగని ఉపన్యాసాలు. శాలువా కప్పడం అయ్యాక యజమాని నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, గామెను జర ఉర్కమను. పోరగాండ్లంత సూడనీకి వచ్చిండ్రు."

"వద్దన్నా. కాలు పట్టేసి ఉన్నది. వారంల పోటీ ఉన్నది."

"గంత పెద్ద పోటీల ఉర్కేటామె గీడ ఉర్కలేదా? ఉత్తగ పిల్లలతోటి గా గోడ దాక. జనం ముంగట నా ఇజ్జత్ తియ్యకు సారూ. నీ పర్మనెంట్ సంగతి నేను సూసుకుంట, ఫికర్ చెయ్యకు."

నేనేం చేశాను? నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది. లోసా దగ్గరికి వెళ్లి, ఇది ఇక్కడి ఆచారమని, అతిథి పరుగెత్తకపోతే ఊరికి అవమానమని ఇంగ్లిషులో చెప్పాను. అలాంటి ఆచారం ఏ ఊళ్లోనూ లేదు. ఆమె నమ్మింది. శాలువా మడిచి నా చేతికిచ్చి, మెల్లగానే మొదలుపెట్టింది. జనం ఈలలు వేశారు, డప్పులు జోరందుకున్నాయి, పిల్లలు పక్కనుంచి దాటిపోయారు. పరుగే బతుకైన మనిషి అప్పుడు ఊరుకుంటుందా? వేగం పెంచింది. నెర్రెలో కాలు దిగింది. తొడ పట్టుకుని అక్కడే కూలిపోయింది. నేను ఆమెను లేపేసరికి యజమాని కారెక్కి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చే దారిలో ఆమెను బతిమాలాను. నిజం బయటపడితే నా ఉద్యోగం పోతుందని, చిన్నపిల్లల తండ్రినని ఏడ్చాను. పరుగు పోగొట్టుకున్నది ఆమె, ఏడ్చింది నేను! ఆమె పత్తి చేల వైపు చూస్తూనే తలూపింది. మేనేజర్‌తో అబద్ధం నేనే చెప్పాను. ఆదిలాబాద్ గెస్ట్‌హౌస్‌లో సెల్ఫీ తీసుకుంటూ మెట్ల మీద పరుగెత్తి పడిందన్నాను. పడిందంటే సరిపోయేది కదా, సెల్ఫీ ఎందుకు కలిపాను? నా మీద అనుమానం రాకూడదని. మైదానంలో చూసినవాళ్లంతా ఆదిలాబాద్‌లోనే ఉండిపోయారు, ఆయనకు తెలుగు రాదు. ఆయన ఆమెను నా ముందే తిట్టాడు. ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది.

పోటీ రోజు టీవీలో ఆమె లేన్ ఖాళీగా కనిపించింది. ఇలాంటి దేశాలవాళ్లు ఆడటానికి రారు, ఊళ్లు తిరగడానికి వస్తారని మా ఆఫీసులో నవ్వుకున్నారు. నేను నోరు మెదపలేదు. తర్వాత వాళ్ల దేశపు పత్రికను ఫోన్‌లో వెతికి చదివాను. నా సెల్ఫీ అబద్ధం అక్కడిదాకా పోయింది. దేశం పరువు తీసిందని రాశారు. మళ్లీ ఏ పోటీకీ ఆమెను పంపలేదు.

పెద్ద దేశం ఆటగాడి కాలు బెణికితే డాక్టర్లు, విచారణలు, రోజంతా చర్చలు. లోసాకు ఏమైందని ఇక్కడ ఒక్కడైనా అడిగాడా? ఎవడైనా గట్టిగా అడిగి ఉంటే చెప్పేవాణ్ణని ఇన్నాళ్లూ నన్ను నేను సమాధానపరచుకున్నాను. అదీ అబద్ధమే. చెప్పేవాణ్ణి కాదు. మరుసటేడు నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఇంట్లో మిఠాయిలు పంచారు, నేనూ తిన్నాను.

ఇప్పుడు కూడా చూడండి, ఆమె దేశంలో ఒక్కరూ చదవలేని భాషలో, పేరు దాచుకుని రాస్తున్నాను. పిరికితనం ఇంకా పోలేదు. క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు.

లోసా సెల్ఫీ తీసుకోలేదు. మెట్ల మీద పడలేదు. పరుగెత్తొద్దని చెప్పిన నోటితోనే నేను ఆమెను పరుగెత్తించాను. ఈ మాట రాశాక నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకు మాత్రం దీనివల్ల ఏమీ దక్కదు.