తూతత్త గెల్చుకున్న గంట ఎండ

మా సందులోకి ఎండ రోజుకి ఒక్క గంటే వస్తుంది. పన్నెండింటికొచ్చి, భోంచేసి లేచిపోయే చుట్టంలా ఒంటిగంటకల్లా వెళ్లిపోతుంది. నేపుల్స్ ఊరంతా ఎండకి మాడిపోతుంటే మా సందులో బొద్దింకలు జలుబు చేసి తుమ్ముతుంటాయి.

మూడో అంతస్తులో తూతత్త ఉండేది. అసలు పేరు రెస్టితూత. ఆ పేరు పూర్తిగా పలికేలోపు కాఫీ చల్లారిపోతుందని అందరం తూతత్తనే వాళ్లం. నలభై ఏళ్లు తోలు చేతితొడుగులు కుట్టిన మనిషి. ఆవిడ బొటనవేలికి సూది గుచ్చితే సూదే వంకరపోతుంది. ఎదురు బాల్కనీ సెలూన్ సబాతీనోది. ఇద్దరికీ బట్టలారేసే తీగ ఒక్కటే, ఈ బాల్కనీ నించి ఆ బాల్కనీకి గిలకల మీద తిరుగుతుంది. పన్నెండు కొట్టగానే సబాతీనో సెలూన్ తువ్వాళ్లన్నీ దానిమీద పరిచేసేవాడు. తూతత్త దుప్పట్లు పెళ్లినాటి నించీ ఆరలేదు. వాటిమీద మొలిచిన పుట్టగొడుగులు ఆవిడ కూర వండిందంటారు. నేను చూళ్లేదు. వాసన మాత్రం వచ్చింది.

తొంభై ఒకటి వేసవిలో ఓ రోజు తూతత్త తాడు కట్టిన బుట్ట కిందకి దింపి, "ఒరే ఎజీదియో! రేడియోకి నాలుగు బ్యాటరీలు పెట్టు!" అని కేకేసింది. కరెంటు సామాన్ల ఎజీదియో ఎంత బద్ధకస్తుడంటే, ఈగ వాలితే పక్కన బజ్జీలు వేసుకునే నన్ను తోలమంటాడు. కొత్త బ్యాటరీలు వెతకలేక, చేతిలో ఉన్న బూడిదరంగు బుల్లి వీడియో ఆటపెట్టె అలాగే బుట్టలో పడేశాడు. "బ్యాటరీలు లోపలే ఉన్నాయత్తా! తీసుకుని డబ్బా కిందకి పంపు!"

డబ్బా కిందకి రాలేదు. రేడియో మళ్లీ నోరు విప్పలేదు.

ఏముందయ్యా అందులో అంటే, వేలెడంత గనికూలీ ఒకడు. పాతాళం నించి గది తర్వాత గది ఎక్కి పైకి రావాలి. ముళ్లు, కూలిపోయే మెట్లు, ఎగిరే గబ్బిలాలు. పడితే చస్తాడు. మూడుసార్లు చస్తే మళ్లీ మొదటి గదిలో ఏమీ ఎరగనట్టు నిలబడతాడు. "చూడవే," అంటుంది తూతత్త నాతో, "మా ఆయన తప్పు చేస్తే నా మీదకి తోసేవాడు. వీడు పడితే తప్పు నా బొటనవేలిదే. అందుకే వదల్లేకపోతున్నా. ఇంకొక్కసారి, అంతే." ఆ ఇంకొక్కసారి జూన్‌లో మొదలై సెప్టెంబరుకి వచ్చింది. దాని టింగు టింగు పాట మా సందులో చిలక్కి కూడా వచ్చేసింది. చర్చిలో ఫాదర్ గారు ప్రార్థన మధ్యలో అదే కూనిరాగం తీశారని విన్నా.

సబాతీనో ఊరుకుంటాడా? తనూ ఒకటి కొన్నాడు. సగం గడ్డం గీసి, "ఒక్క నిమిషం" అని ఆటలో పడితే గిరాకీకి గీసిన వైపు మళ్లీ మొలిచేది. ఓ రోజు బాల్కనీలోంచి వెక్కిరించాడు. "తూతత్తా! పన్నెండో గది దాకా వెళ్లా. నువ్వు తొడుగులు కుట్టుకో!"

"పన్నెండేనా? నేను పదమూడులో కాఫీ తాగొచ్చా!"

"అయితే పందెం. చివర ఎవరు ముందు చూస్తే పన్నెండింటి ఎండ వాళ్లది."

"మాట తప్పితే నీ కత్తికి తుప్పు పట్టాలి," అంది అత్త. సాక్షిని నేనే.

చిక్కేమిటంటే, ఆ పెట్టె తెరకి సొంత వెలుగు లేదు. బల్బు కింద పెడితే అద్దంలా మెరిసి మన ముక్కే కనిపిస్తుంది. అత్తకి తెర బాగా కనపడేది ఆ గంట ఎండలోనే. ఆ ఎండకి అడ్డం సబాతీనో తువ్వాళ్లు!

ఓ సోమవారం, సెలూన్‌కి సెలవు. సబాతీనో వారం తువ్వాళ్లు, ఓ మూడొందలుంటాయి, తీగంతా ఆరేశాడు. అప్పుడే పైనించి అత్త కేక. "పదహారో గది! చివరిది! ఒక్క ప్రాణమే మిగిలింది! బ్యాటరీ ఎర్రదీపం నీరసపడుతోంది!" బ్యాటరీలు మారిస్తే మళ్లీ పాతాళమే. నేను మూకుడు పొయ్యిమీదే వదిలేసి మూడంతస్తులు మూడే అంగల్లో ఎక్కా.

"మెట్టు కనిపించట్లేదే! అంతా నీడ!" అత్త పెట్టెని అటూ ఇటూ తిప్పుతోంది.

తువ్వాళ్ల మధ్యలోంచి సబాతీనో తల దూర్చాడు. "ఎక్కడున్నావ్? గబ్బిలాలు దాటావా?"

"నీ తువ్వాళ్లే దాటలేకపోతున్నా!"

"తర్వాత ఏమొస్తుంది? చెప్పత్తా, నా ప్రాణం పోతోంది!"

"కనిపిస్తే కదరా చెప్పేది!"

మా ఊరిని కాచే పునీతుడు సాన్ జెన్నారో మీద ఒట్టు, ఆ మనిషి పందెం మర్చిపోయాడు. తీగ పట్టుకుని గిలకలు కీచుమనేలా లాగాడు. తువ్వాళ్లు బాతుల మందలా ఆయన బాల్కనీలోకి కొట్టుకుపోయాయి, సగం కింద నా మూకుట్లో పడ్డాయి. భళ్లున ఎండ!

"కుడికి! దూకు! అబ్బా, ఆగి దూకు!" అని ఆయన.

"నోర్ముయ్!" అని అత్త. ఆ సూది వంచే బొటనవేలు ఒక్క నొక్కు నొక్కింది.

కూలీ గనిలోంచి బయటపడ్డాడు. కొండమీద బుల్లి సూర్యుడు పొడిచాడు. వాడు టోపీ ఎగరేసి గంతులేశాడు. అంతలో ఎర్రదీపం ఆరిపోయింది.

సందంతా గిన్నెలు మోగించింది. సబాతీనో కళ్లు తుడుచుకుంటూ, "ఇంకోసారి చూపించత్తా," అన్నాడు.

"పాతాళం నించి రావాలి నాయనా!"

మర్నాడు పన్నెండింటికి అత్త మహారాణిలా దుప్పటి ఆరేసి, కొత్త బ్యాటరీలేసుకుని కుర్చీలో కూచుంది. తెర చీకటి. దుప్పటి అడ్డం! రెండు నిమిషాలు ఓపిక పట్టింది. "ఒరే సబాతీనో, తీగ లాగు! మొదటి గదే కనిపించట్లేదు!"

ఆయన అప్పటికే తన పెట్టెతో బాల్కనీలో కూచున్నాడు. "నాకూ అడ్డమే. లాగేస్తున్నా!"

అప్పట్నించీ పన్నెండింటికి ఆ తీగమీద పిచ్చుక వాలినా ఇద్దరూ కలిసి తిట్టేవాళ్లు. దుప్పట్లు మాత్రం తడిగానే ఉండేవి.

"ఎండ గెల్చుకున్నావుగా అత్తా, ఆరేసుకోవేం?" అని అడిగా.

"ఉండవే," అంది తలెత్తకుండా, "ఇంకొక్కసారి."