ప్రాణంతో గుమ్మం దాటినవాళ్ళు

ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే ఆసుపత్రిలో అని చెప్పి ఊరుకుంటాను. ఆ పైన కూడా తవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. గురుగ్రామ్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, అందులో పరిశోధన విభాగం, దానికి కిటికీ లేని ఒక గది, ఆ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని నేను. లివర్‌కో, పాంక్రియాస్‌కో, గుండెకో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు తరవాత ఎలా ఉన్నారో ఫోన్ చేసి కనుక్కుని కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. మేం ఉండే జనక్‌పురిలో మెట్రో ఎక్కి, హౌజ్ ఖాస్‌లో మారి, పోను గంటన్నర, రాను గంటన్నర. ఎనిమిదేళ్ళుగా ఇదే.

ఆపరేషన్ అయిన ముప్పయ్యో రోజున ఆ ఇంటికి ఫోన్ చేస్తాను. అన్నం తింటున్నారా, జ్వరం వస్తోందా, కుట్లు మానాయా, బాత్రూం దాకా నడుస్తున్నారా అని వరసగా అడుగుతాను. కొందరు ఓపిగ్గా చెబుతారు. కొందరు మధ్యలో ఆపి, "వో తో నహీ రహే, మేడమ్" అంటారు. ఆయన పోయారని. మొదటి ఏడాది ఆ మాట విన్నప్పుడల్లా బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చేదాన్ని. తరవాత "కబ్?" అని తేదీ అడగడం అలవాటైంది.

ఇక్కడ ఫారం గురించి కాస్త చెప్పాలి. ఫలితం అన్న చోట రెండే గడులు ఉంటాయి. ఆసుపత్రిలో మరణం, డిశ్చార్జ్. మా డాక్టర్లు దేశవిదేశాల్లో చూపించుకునే అంకె ఈ రెండు గడుల నుంచే వస్తుంది. కానీ మన జనానికి ఒక పద్ధతి ఉంది. ఇక లాభం లేదని తెలిశాక మనిషిని యంత్రాల మధ్య పోనివ్వరు. ఊపిరి ఉండగానే ఇల్లు చేర్చాలంటారు. డాక్టర్లు వద్దంటున్నా మా ఇష్టంతోనే తీసుకుపోతున్నామని సంతకం పెట్టి తీసుకుపోతారు. ఆసుపత్రిలో దీన్ని లామా అంటారు. హర్యానా వాళ్ళైనా, బీహారు వాళ్ళైనా, మన తెలుగువాళ్ళైనా ఇందులో అందరిదీ ఒకటే దారి. అలా వెళ్ళినవాళ్ళు గుమ్మం దాటేటప్పుడు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి డిశ్చార్జ్ గడిలో పడతారు. అంబులెన్స్ సగం దారిలో ఉన్న ధౌలా కువా దాటకముందే ప్రాణం పోయినా సరే.

తరవాత నేను ఫోన్ చేసినప్పుడు తెలిసిన చావుని చివర్లో ఉండే రిమార్క్స్ గడిలో రాస్తాను. ఆ గడిని ఎవరూ కూడరు. చేరిన కొత్తలో మా పరిశోధన డాక్టరు గారిని అడిగాను, ఇదేం లెక్క సార్ అని. "మన దగ్గర్నుంచి బతికే వెళ్ళారు కదా" అన్నాడాయన. నిజమే కదా అనుకున్నాను. జీతం తీసుకునే చోట చాలా విషయాలు నిజమేననిపిస్తాయి.

జనక్‌పురిలో మా పై అంతస్తులో ఒక అంకుల్, ఆంటీ ఉండేవారు. గుంటూరు వైపు వాళ్ళు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళకి ఒక్కతే కూతురు, నోయిడాలో ఉద్యోగం. మా పెళ్ళైన కొత్తలో గ్యాస్ కనెక్షన్ నుంచి గోంగూర దొరికే కొట్టు దాకా అన్నీ చూపించింది వీళ్ళే. అంకుల్‌కి నన్ను ఏడిపించడం సరదా. "ఏం అమ్మాయ్, ఈ నెల ఎంతమందిని బతికించావు?" అనేవారు మెట్ల మీద ఎదురైతే.

రెండేళ్ళ కిందట చలికాలంలో ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లనుకుని ఎవరో చెప్పిన ఆకుమందు తిన్నారు. స్కాన్ తీస్తే పాంక్రియాస్‌లో గడ్డ. ప్రభుత్వాసుపత్రిలో పెద్ద డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు. గుండె కూడా అంతంతమాత్రం, ఈ వయసులో అంత పెద్ద ఆపరేషన్ వద్దు, ఒక గొట్టం వేస్తే కామెర్లు దిగుతాయి, ఉన్న నెలలు ఇంట్లో హాయిగా ఉండనివ్వండి అన్నాడు. మా ఆసుపత్రిలో సర్జన్ మాత్రం తీసేస్తే ఏళ్ళు బతకొచ్చన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేలక, ఓ ఆదివారం పొద్దున నన్ను పైకి పిలిచారు.

బాల్కనీలో ఎండకు కూర్చున్నాం. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "నీకు పుణ్యముంటుంది, ఉన్నమాట చెప్పవే అమ్మాయ్. మీ దగ్గర ఈ ఆపరేషన్ చేయించుకుని ఎంతమంది బాగుపడుతున్నారే?"

నేను అంకె చెప్పాను. చాలా మంచి అంకె.

అంకుల్ వెంటనే ఒప్పుకోలేదు. "ముప్పై నాలుగేళ్ళు పైవాళ్ళకి రిపోర్టులు రాసి పంపినవాణ్ణి. ఏ గడిలో ఏది తోస్తే పైన ఏం కనబడుతుందో నాకు తెలుసు. ఇవి కాకిలెక్కలు కావు కదా? అసలు ఎవరు తయారు చేస్తారిది?"

"నేనే అంకుల్" అన్నాను.

"నువ్వేనా? అచ్ఛా. అయితే ఠీక్ హై, నమ్మొచ్చు" అని ఆంటీ వైపు చూసి నవ్వారు.

ఆ నిమిషంలో రిమార్క్స్ గడి నాకు గుర్తు రాలేదని చాలాకాలం చెప్పుకున్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట ఎవడో, అలాగే ఉంటుంది ఆ మాట. గుర్తొచ్చింది. అప్పటికి ఆరేళ్ళలో నా పనిని నమ్మొచ్చని అన్న మొదటి మనిషి ఆయనే. ఆ గర్వంలో నోరు మూసుకున్నాను. పైగా ఆయనకి ఏం కాదులే అని కూడా అనుకున్నాను, మన అనుకున్నవాళ్ళ గురించి ఎవరైనా అనుకునేట్టే.

ఆపరేషన్ ఎనిమిది గంటలు పట్టింది. బాగా జరిగిందన్నారు. అయిదో రోజున లోపల అతికిన చోట లీకైంది. తరవాత చీము, ఆ తరవాత మళ్ళీ కోత, కిడ్నీలు మొరాయించడం, గొంతులో గొట్టం. రోజూ మధ్యాహ్నం లంచ్ డబ్బా తెరవకుండా ఐసీయూ దాకా వెళ్ళి అద్దంలోంచి చూసి వచ్చేదాన్ని. ఆయన మొహం ఉబ్బిపోయి ఎవరిదో లాగా ఉండేది. రెండు చేతుల్నీ మంచం కడ్డీలకు గుడ్డపీలికలతో కట్టారు, గొట్టం లాగేసుకుంటున్నారని. అలా మొత్తం పంతొమ్మిది రోజులు.

ఇరవయ్యో రోజు పొద్దున డాక్టర్లు ఆంటీనీ, కూతుర్నీ కూర్చోబెట్టి మాట్లాడారు. ఆశ లేదన్న మాట తప్ప అన్నీ చెప్పారు. బయటికి వచ్చాక కూతురు గోడకి ఆనుకుని, "మమ్మీ, పాపా కో ఘర్ లే చల్తే హైఁ" అంది. నాన్నని ఇంటికి తీసుకెళ్ళిపోదామని.

ఆంటీ అక్కడే నిలబడ్డ నా వైపు తిరిగింది. "ఆయన ఇంట్లో పోవాలే. ఇక్కడ కాదు. ఏం రాయాలో నువ్వే చెప్పు, నాకీ కాయితాలు తెలీవు."

ఫారం నేనే తెచ్చాను. ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించాను. కొన్ని వందలసార్లు చదివిన కాయితమే అది, ఆమె తెలుగులో సంతకం పెడుతుంటే మాత్రం చూడలేక తల తిప్పుకున్నాను. అంబులెన్స్‌లో ఒకతను చేత్తో సంచీ నొక్కుతూ ఊపిరి అందిస్తున్నాడు. మా బిల్డింగ్‌కి లిఫ్ట్ లేదు. నలుగురు కలిసి స్ట్రెచర్‌ని మెట్ల మలుపుల్లో నిలువుగా లేపి పైకి చేర్చారు. ఆంటీ తులసి నీళ్ళు పోసింది, సగం పెదవుల మీంచి కారిపోయాయి. ఇంట్లో గంట కూడా లేరు. మధ్యాహ్నం పన్నెండు దాటుతుంటే పోయారు.

పది రోజుల తరవాత నా కంప్యూటర్‌లో ఆ రోజు ఫోన్ చేయవలసినవాళ్ళ జాబితా తెరిస్తే మూడోది ఆంటీ నంబరు. ఫలితం: డిశ్చార్జ్. అన్నం తింటున్నారా, నడుస్తున్నారా అని ఖాళీలు వరసగా ఎదురుచూస్తున్నాయి. ఫారం ప్రింట్ తీసుకుని పరిశోధన డాక్టరు గదికి వెళ్ళాను. ఈయన మా ఇంటి పైనే ఉండేవారు, ఇంటికెళ్ళిన గంటలో పోయారు, నా కళ్ళముందే పోయారు, దీన్ని మరణంలోకి మార్చండి సార్ అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళిచ్చాడు. ఒకళ్ళకి మారిస్తే అందరికీ మార్చాలి, ఈ అంకెలతో రాసిన వ్యాసం వైద్య పత్రికకి వెళ్ళిపోయింది, లెక్కించే పద్ధతి ముందే రాసిచ్చాం అని ఓపిగ్గా చెప్పాడు. లేచేటప్పుడు, "డేటా మే ఇమోషన్ నహీ లాతే" అన్నాడు. లెక్కల్లోకి మనసుని తేకూడదని. అందరికీ మార్చండి అని అడగొచ్చు నేను. అడగలేదు. నా సీటుకి తిరిగొచ్చి రిమార్క్స్ గడిలో తేదీ, వేళ రాసి నాలుగో నంబరుకి ఫోన్ చేశాను. ఆ పూట నా మీద నాకు అసహ్యం వేసింది, అయినా సాయంత్రం దాకా పని చేశాను.

మొదటి మాసికం అయిన మర్నాడు ఆంటీ పైకి రమ్మంది. కూతురు నోయిడా వెళ్ళిపోయింది. ఆంటీ వంటింట్లో కింద కూర్చుని కంది బేడలు ఏరుతోంది. నేనూ ఎదురుగా కూర్చుని ఓ గుప్పెడు తీసుకున్నాను. ఆపరేషన్ కాకుండా ఆ గొట్టం వేయించుకుని ఉంటే ఉగాది చూసేవారేమో కదా అంది, నన్ను కాదు, పళ్ళాన్ని చూస్తూ. కాసేపయ్యాక తలెత్తకుండానే అడిగింది.

"ఏవో గడులుంటాయని ఆయన అంటుండేవారు. మీ లెక్కలో ఆయన ఏ గడిలో ఉన్నారే?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. అప్పటికే ఒకసారి చెప్పి ఉన్నాను కదా, రెండోది రాలేదు. "డిశ్చార్జ్ గడిలో ఆంటీ."

"అంటే?"

"బాగై ఇంటికెళ్ళినవాళ్ళతో పాటు."

ఆమె చేతులు ఆగాయి. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, కాళ్ళమీద పడేదాన్ని. తిట్టలేదు.

"అయితే ఆ రోజు నువ్వు మాకు చెప్పిన అంకెలో..." అని ఆగింది. "అందులోనూ ఇలాంటివాళ్ళున్నారా?"

"ఉన్నారు ఆంటీ."

"నీకు తెలుసా, చెప్పేటప్పుడు?"

తెలుసన్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని పళ్ళెం పక్కకి జరిపింది.

"ఇకమీదట ఎవరో ఒకావిడ వచ్చి మొగుడి గురించి అడుగుతుంది కదా మీ దగ్గర. ఆవిడకి చెప్పే అంకెలో మా ఆయన కూడా ఉంటారన్నమాట. బతికినవాడిలాగా."

"నేను చెప్పను ఆంటీ."

"నువ్వు చెప్పకపోతే ఇంకోళ్ళు చెబుతారులే" అంది.