హైటెక్ సిటీకి ఆది జాకెట్టు

గురువారం మధ్యాహ్నం రెండుంబావుకి సత్తెనపల్లిలో లింగంపల్లి బండెక్కాను. భుజానికి ఒకటే సంచి. అందులో రెండు చీరలు, డబ్బాలో పులిహోర, అడుగున పాత తువ్వాల్లో చుట్టిపెట్టిన ఆకుపచ్చ పట్టు జాకెట్టు. నా ప్రయాణమంతా ఆ జాకెట్టు కోసమే.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు కోటేశ్వరి. ఇరవై ఎనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. నా దగ్గర ఇంకో ఐదుగురు ఆడవాళ్లు మిషన్ తొక్కుతారు. మా అన్నయ్య కూతురు శ్రావణి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేది. ఉన్నట్టుండి అది మానేసి, "అత్తా, మనిద్దరం కలిసి కంపెనీ పెడదాం" అంది. హైటెక్ సిటీ అమ్మాయిలకి టైలర్ల చుట్టూ తిరిగే తీరికెక్కడిది? ఫోన్లో కొలతలు రాసి గుడ్డ పంపితే, మేం సత్తెనపల్లిలో కుట్టి కొరియర్లో పంపుతాం. ఇదీ దాని యాప్. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. పది జాకెట్లు పంపాం. ఆరు తిరిగొచ్చాయి. అందరిదీ ఒకటే మాట, బిగుతని.

నా చెయ్యి తప్పిందని దాని గోల. ఆ పిల్లలకి టేపు పట్టడం రాదని నా గోల. వెనక్కొచ్చిన ప్రతిదీ బల్ల మీద పరిచి కొలిచి చూశాను. యాప్‌లో రాసిన అంకెకి ఒక్క నూలు తేడా లేదు. ఇంక తప్పు నాదెట్లా అవుద్ది? నెల రోజులు మా ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు.

అలాంటప్పుడు రాయదుర్గం నుంచి పిలుపొచ్చింది. కొత్తగా వ్యాపారం పెట్టే ఆడవాళ్లకి చోటిచ్చే సంస్థ అది. మేం నచ్చితే ఆరు నెలలు అక్కడ కూర్చుని పనిచేసుకోవచ్చు, దారి చూపించే పెద్దవాళ్లుంటారు. నచ్చకపోతే శ్రావణి సోమవారం ఇంకో కంపెనీలో చేరాలి, యాప్ మూసెయ్యాలి. ఎంపిక చేసేవాళ్లలో మాధవి గారని ఒకావిడ తన కొలతలు వారం ముందే యాప్‌లో పంపించి, "ఒకటి కుట్టి తీసుకురండి, వేసుకుని చూస్తాను" అన్నారట. నా సంచిలో ఉన్నది అదే.

ఈ బండికి సీటు ముందుగా రిజర్వు చేయించుకోండి. నల్గొండ దాటాక కాలు పెట్టే సందుండదు. నా ఎదురు సీట్లో విశాఖపట్నం ఆవిడ, గచ్చిబౌలిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తోంది. పులిహోర పంచుకున్నాం. నేను టైలర్నని చెప్పగానే ఆవిడ మొహం విప్పారింది.

"మా అమ్మాయి కూడా అంతేనండి. పెద్ద ఉద్యోగం, జాకెట్టు మాత్రం మా ఊళ్లోనే కుట్టించాలి. దాని ఆది జాకెట్టు నా బీరువాలోనే ఉంటుందండి. అది పట్టుకెళ్లి టైలరు చేతిలో పెడితే చాలు" అంది.

ఆది జాకెట్టు సంగతి మగవాళ్ల కోసం చెప్తున్నాను. ఒంటికి చక్కగా కుదిరిన పాత జాకెట్టు ప్రతి ఆడదాని దగ్గరా ఒకటుంటుంది. కొత్తది కుట్టించాలంటే దాన్ని తెచ్చిస్తారు, దాని కొలతకే మేం కుడతాం. ఇన్నేళ్లలో నేను మనిషి ఒంటికి టేపు చుట్టింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆవిడ చెప్పింది విని తలూపాను గానీ, నా మట్టిబుర్రకి అప్పుడేమీ తట్టలేదు.

ఏడు నలభైకి లింగంపల్లి. స్టేషన్ బయట శ్రావణి నిలబడి ఉంది. చిక్కిపోయింది. "బాగున్నావా అత్తా?" అని సంచి అందుకుంది, అంతే. ఆటోలో ప్రగతినగర్ దాకా ఇద్దరం షాపుల బోర్డులు చదువుకుంటూ వెళ్లాం. గదిలో జాకెట్టు విప్పి చూపిస్తే కుట్టు మీద వేలు రాసి, "బాగా కుట్టావు" అని మాత్రం అంది.

శుక్రవారం ఏడున్నరకి సందు చివర బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. చట్నీలో పల్లీలకి కరువు లేదు. ఎనిమిదికి జేఎన్టీయూ వెళ్లే సిటీ బస్సెక్కాం. అక్కడ ఆడవాళ్లకి బస్సు ఫ్రీ, హైదరాబాదు ఆధార్ చూపించిన శ్రావణికి డబ్బులు పడలేదు. నేనూ దర్జాగా ఆధార్ కార్డు తీశాను. కండక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీది ఆంధ్రా కార్డు గదమ్మా. ఫ్రీ లేదు, టికెట్ తీస్కో."

"మా ఊళ్లో నాకు ఫ్రీయేగా!"

"గాడ నీకు ఫ్రీ, గీడ నాకు ఫ్రీ. ఇగ లెక్క సరిపాయె. జర ముంగటికి జరుగు."

బస్సులో అందరూ నవ్వారు. శ్రావణి కూడా నవ్వింది. అది నవ్వగా చూసి నెలయింది, ఆ టికెట్టు డబ్బులు ఊరికే పోలేదనుకున్నాను.

జేఎన్టీయూలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారాలి. అక్కడ జనం పరిగెత్తుతారు, మీరు పరిగెత్తకండి, నాలుగైదు నిమిషాల్లో ఇంకో బండొస్తుంది. ఆడవాళ్ల పెట్టెలోకి ఎక్కాం. మెడలో కార్డులు, వీపున సంచులు, ఒకమ్మాయి నిలబడే ల్యాప్‌టాప్ తెరిచి ఎవరికో లెక్క సరిచేస్తోంది. నేను మనుషుల మొహాలు చూడను, జాకెట్లు చూస్తాను. ఆ పూట చీరల్లో ఉన్నది ఐదుగురు. ముగ్గురికి భుజాలు జారుతున్నాయి, ఒకామె చంక దగ్గర పిన్నీసు పెట్టుకుంది. ఇంత పెద్ద ఉద్యోగాలు చేస్తూ పిన్నీసు మీద బతకడమేంటి తల్లీ అనిపించింది.

తొమ్మిదిన్నరకి రాయదుర్గంలో దిగాం. ఆ అద్దాల మేడని తల ఎత్తి చూస్తే మెడ నొప్పెట్టింది. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి నా సంచి మిషన్లోకి పంపి, చిన్న కత్తెర బయటికి తీసింది. "కత్తెర లోపలికి పోనియ్యరమ్మా. పొయ్యేటప్పుడు తీస్కో" అంది. సూదీ దారం మాత్రం వదిలేసింది.

పదిన్నరకి మమ్మల్ని పిలిచారు. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో ఉన్నావిడే మాధవి గారు. ప్రొద్దుటూరు మనిషి, ఖాజాగూడలో సొంత సాఫ్ట్‌వేరు కంపెనీ నడుపుతున్నారు. శ్రావణి గోడ మీద బొమ్మలు వేసి మాట్లాడింది. నాకు సగమే అర్థమైంది గానీ, గొంతు వణక్కుండా చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది. ఏ కొలత ఎక్కడ తీసుకోవాలో యాప్‌లో చూపించే తెర ఒక్కటీ తయారవడానికి దానికి నాలుగు నెలలు పట్టిందట.

తర్వాత మాధవి గారు జాకెట్టు తీసుకుని బాత్రూములోకి వెళ్లారు. కాసేపటికి తలుపు సందులోంచి పిలుపు. "కోటేశ్వరమ్మా, ఒక్కసారి ఇట్ల రామ్మా."

వెళ్లి చూస్తే పై రెండు హుక్కులూ అందడం లేదు. చంకలు పట్టేశాయి. ఏడోదీ బిగుతే.

"కొలత ఎట్లా తీశారమ్మా?" అని అడిగాను, ఏం అడగాలో తెలియక.

"మీ యాప్‌లో చెప్పినట్టే. టేపు ఒంటికి చుట్టి."

అప్పుడు తట్టింది, నెత్తి మీద మొట్టికాయ పడ్డట్టు. ఆది జాకెట్టుని కొలిస్తే ఊపిరి పీల్చడానికీ, చెయ్యి ఎత్తడానికీ కావలసిన వదులు అందులోనే ఉంటుంది. నా చేతికి అలవాటైన అంకెలు అవి. యాప్‌లో వచ్చేవి ఒంటి కొలతలు. ముప్పై ఆరు అని వస్తే నేను జాకెట్టు ముప్పై ఆరుకే కోశాను, అంగుళమున్నర కలపకుండా. ఇరవై ఎనిమిదేళ్ల టైలర్ని, ఇది ఒంటి కొలతా, జాకెట్టు కొలతా అని ఒక్క మాట అడగలేదు. టైలర్లు దేన్ని కొలుస్తారో శ్రావణీ అడగలేదు. ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి కొట్టుకున్నాం.

"ఒక అరగంట ఇవ్వండమ్మా" అన్నాను. ఒళ్లు చేసినప్పుడు విప్పుకోవచ్చని ప్రతి జాకెట్టుకీ పక్కల లోపల అంగుళం గుడ్డ వదులుతాను. కత్తెర గేటు దగ్గరుందిగా, పిన్నీసుతోనే కుట్టు విప్పాను. వాళ్లు ఇంకో జట్టుతో మాట్లాడుతుంటే నేను వరండాలో కూర్చుని చేత్తో కుట్టాను. శ్రావణి పక్కనే కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. జరిగింది చెప్పాను. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈసారి హుక్కులన్నీ పడ్డాయి. మాధవి గారు చేతులు పైకెత్తి, వెనక్కి తిప్పి, "ఇప్పుడు కుదిరింది" అన్నారు. అక్కడితో నోరు మూసుకుని ఉండొచ్చు. నా నోరు ఊరుకోదే!

"అమ్మా, యాప్‌లో ఒంటి కొలతలు అడగడం దండగ. ఎవరి ఆది జాకెట్టు వాళ్లు మంచం మీద పరిచి, పక్కన టేపు పెట్టి ఫొటో తీసి పంపితే చాలు" అన్నాను.

పక్కనున్నాయన శ్రావణిని చూశాడు. "అంటే మీరు చూపించిందంతా తీసెయ్యాలి కదమ్మా?"

దాని మొహం పాలిపోయింది. "తియ్యాలి సార్" అంది.

కిందికొచ్చి కత్తెర తీసుకుని, మాదాపూర్‌లో ఒక మెస్సులో భోజనం చేశాం. పప్పు బాగుంది, సాంబారు నీళ్లు. శ్రావణి పెరుగన్నం కెలుకుతూ, "నాలుగు నెలలత్తా" అంది. "తిరిగొచ్చినప్పుడల్లా నిన్నే అన్నాను."

"నేనూ అన్నానుగా. తిను" అన్నాను.

సాయంత్రం గదికి ఖాజాగూడ నుంచి మాధవి గారు పంపిన పార్సిల్ వచ్చింది. రెండు జాకెట్టు గుడ్డలు, వాటి మధ్య వెలిసిపోయిన నీలం జాకెట్టు ఒకటి. చిన్న చీటీ కూడా ఉంది. "ఇది నాకున్న ఒకే ఒక్క ఆది. దీన్ని కుట్టినామె ఇప్పుడు లేదు. పోగొట్టొద్దు." శ్రావణి ఎగిరి గంతేసింది. "అయితే మనకి చోటు వచ్చినట్టే అత్తా!" నేనూ అదే అనుకున్నాను. పొద్దున తొమ్మిదికల్లా మెయిల్ వస్తుందన్నారు.

శనివారం ఆరుంబావుకి లింగంపల్లిలో తిరుగు బండి. శ్రావణి దగ్గరుండి ఎక్కించింది. మిర్యాలగూడ దాటాక ఫోన్ మోగింది.

"అత్తా, ఇవ్వలేదు." ఏడుస్తోంది. "కొలతల పద్ధతి మార్చుకుని మళ్లీ రమ్మన్నారు. నేను సోమవారం చేరిపోతాను. అయిపోయిందత్తా."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నా నోటి దురదే కొంప ముంచిందనిపించింది. ఒళ్లో సంచి, సంచిలో ఆ నీలం జాకెట్టు. తీసి చూశాను. లోపలి కుట్టు రెండుసార్లు విప్పి మళ్లీ వేసిన గుర్తులున్నాయి. ఎవరో పని తెలిసినామె ఎంత ఓపిగ్గా కుట్టిందో! ఇలాంటిది నమ్మకం లేని టైలరుకి ఏ ఆడదీ ఇవ్వదు.

"చేరు. జీతం తెచ్చుకో" అన్నాను. "ఆదివారాలు నా పని చెయ్యి. ఆ తెర తీసేసి ఫొటో పెట్టు."

"ఆవిడే మనల్ని వద్దన్నాక ఇంకేం పనత్తా?"

"చోటు ఇవ్వకపోతే పోనీ. తన ఆది జాకెట్టు నా ఒళ్లో ఉందే, పిచ్చిమొహమా!"

అవతల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత ఫోన్ పెట్టేసింది.

ఈ రెండు రోజుల్లో నేను చూసిందంతా అద్దాల మేడలే. ఇప్పుడు తల్చుకుంటే, ఆ మేడల్లో పనిచేసే ప్రతి ఆడపిల్ల బీరువాలోనూ అడుగున ఒక పాత జాకెట్టు కనిపిస్తోంది నాకు.

బండి నడికుడిలో ఆగింది. ఫోన్ టింగుమంది. శ్రావణి ఒక ఫొటో పంపింది. మంచం మీద దాని ఆది జాకెట్టు, పక్కన వంకర టేపు. కింద, "ఇట్లాగేనా?" అని రాసింది.

కళ్లజోడు పెట్టుకుని బాగా చూశాను. "హుక్కులు పెట్టి, ముడతల్లేకుండా పరిచి, మళ్లీ తియ్యి" అని జవాబు పెట్టాను.